పీట్ ఫ్రీ పాటింగ్ మిక్స్ కొనేముందు ఏం చూడాలి? టమాటా ఆకుల అంచులు మాడుతున్నాయి

మియాపూర్_మిద్దె
ఆన్‌లైన్‌లో "పీట్ ఫ్రీ ప్రీమియం పాటింగ్ మిక్స్" అని రాసున్న సంచులు తెప్పించి 12 అంగుళాల గ్రోబ్యాగుల్లో టమాటా, వంగ నాటాను. మూడో వారానికల్లా టమాటా కింది ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి మాడిపోతున్నాయి. మిశ్రమం పైన తెల్లటి పొర కట్టింది. నీళ్లు పోస్తే పక్కల నుంచి జారి కిందికి పోతున్నాయి, మధ్యలో వేలు పెడితే పొడి. సంచి మీద "100 శాతం ఆర్గానిక్, పీట్ ఫ్రీ, న్యూట్రియెంట్ రిచ్" అని తప్ప దేంతో చేశారో ఎక్కడా లేదు. ఇంకో 10 బ్యాగులు నింపాలి. అమ్మేవాడి మాట పక్కన పెట్టి మనం ఏం చూసి కొనాలి? ఇప్పుడున్న మొక్కల్ని ఏం చేయాలి?

ఎర్రమట్టి
మన దగ్గర "పీట్ ఫ్రీ" అని రాయడం, వేరుశనగ నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసినట్టే. అబద్ధం కాదు, దానివల్ల మనకు ఒరిగేదీ లేదు. పీట్ అనేది ఎక్కువగా చలిదేశాల చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్లు పేరుకుంటే తయారయ్యేది. మన కుండీ మిశ్రమాల్లో ఉండేది దాదాపు అంతా కొబ్బరి పొట్టే. ఆ ఒక్క ముక్క చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. అడగాల్సినవి మూడు: కోకోపీట్ (అంటే ఆ కొబ్బరి పొట్టే) కడిగిందా, కంపోస్ట్ మాగిందా, ఏది ఎంత పాలు కలిపారు. సంచి మీద ఈ మూడూ లేకపోతే దాన్ని అక్కడే వదిలేయడం మేలు.

కడియం_నారు
అది ఉప్పు దెబ్బండి. పీచు తీయడానికి కొబ్బరి డొక్కల్ని నానబెడతారు, తీరం దగ్గరైతే ఆ నీళ్లు ఉప్పగానే ఉంటాయి. పైగా కొబ్బరి పొట్టులో పుట్టుకతోనే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఎక్కువ. మంచినీళ్లతో కడిగి ఎండబెట్టినదాన్ని లో ఈసీ అంటారు, కడగనిది హై ఈసీ. ఈసీ అంటే నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే కొలత, ఉప్పు ఎక్కువైతే అదీ ఎక్కువ. బ్లాకు చేతిలో పెట్టుకుని చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే కొలవాలి.

తడిపి విప్పిన కోకోపీట్ 1 కప్పు, ఆర్వో నీళ్లు 5 కప్పులు కలిపి అరగంట వదిలేయండి. పలుచటి గుడ్డలో వడకట్టి ఆ నీళ్లలో మీటర్ పెట్టండి. ఈసీ 0.5 (మిల్లీసీమెన్స్/సెం.మీ.) లోపు వస్తే నిశ్చింతగా వాడొచ్చు. 0.5 నుంచి 1 మధ్య వస్తే కడిగి వాడాలి. 1 దాటితే కొనొద్దు, కొనేసుంటే గట్టిగా కడగాలి.

మియాపూర్_మిద్దె
ఈసీ మీటర్ లేదు. ఆర్వో మిషన్ వాడు ఇచ్చిన టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు చూపేది) ఉంది. పనికొస్తుందా?

కడియం_నారు
భేషుగ్గా. ఇళ్లలో వాడే ఆ పెన్ను మీటర్లు ఎక్కువగా ఈసీ 1ని 500 పీపీఎమ్‌గా చూపిస్తాయి. అంటే 250 లోపు మంచిది, 500 దాటితే అనుమానించాలి. ముందు ఆర్వో నీళ్లకే ఎంత వస్తుందో చూసి దాన్ని తీసేయండి. మీది వట్టి కోకోపీట్ కాదు, మిక్స్. అందులో వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఉంటే దాని లవణాలు కూడా కలుస్తాయి కాబట్టి 500 దాకా వచ్చినా గాభరా పడక్కర్లేదు.

బోరునీళ్లు
అందరు కంపోస్ట్‌నే తిడుతున్నరు గానీ ముందు మీ నీళ్లు చూస్కోండ్రి. మియాపూర్, నిజాంపేట దిక్కు బోరు నీళ్లల్ల టీడీఎస్ వెయ్యి దాకా పోతది. ఎండకాలం రోజుకు రెండుసార్లు అవే పోస్తే ఎంత మంచి మిక్స్ అయినా నెలలనే తెల్లగైతది. తెల్ల పొర మీద రెండు చుక్కలు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ ఎయ్యుండ్రి. బుసబుస పొంగితే సున్నం, అది నీళ్లది. పొంగకపోతే ఉప్పు, అది మిక్స్‌ది కావొచ్చు.

ఎర్రమట్టి
బోరునీళ్లు అన్నది సగం కేసుల్లో నిజం. ఇంకోటి, ఆకు చూసే చాలావరకు చెప్పేయొచ్చు. ముదురాకుల అంచులు మాడితే ఉప్పు. ముదురాకు మొత్తం సమంగా పసుపైతే నత్రజని చాల్లేదు. కొత్తాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు, అది బోరు నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం కొలత) ఎక్కువై వచ్చేదే ఎక్కువ. మూడింటికీ "ఎరువు తక్కువైంది" అని ఇంకో పిడికెడు వేస్తారు చూడండి, ఉప్పు కేసులో అది మొక్కను చంపుతుంది.

పేడకుప్ప
కోకోపీట్ సంగతి అయింది కదా, వర్మీకంపోస్ట్‌లో మోసం ఇంకా ఎక్కువ. కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి బరువు పెంచడానికి రెండే దారులు, నీళ్లు, ఇసుక. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985లో వర్మీకంపోస్ట్‌కు కొలతలు ఉన్నాయి: తేమ 15 నుంచి 25 శాతం, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, నత్రజని కనీసం 1 శాతం, భాస్వరం, పొటాష్ చెరో 0.8 శాతం, 90 శాతం సరుకు 4 మి.మీ. జల్లెడలోంచి దిగాలి, దుర్వాసన ఉండకూడదు. ల్యాబ్ లేకుండా ఇంట్లో చూసుకోగలిగినవి:

తేమ: 100 గ్రాములు తూచి పళ్లెంలో పలచగా పరిచి రెండు రోజులు మంచి ఎండలో పెట్టండి. మళ్లీ తూస్తే 75 నుంచి 85 గ్రాములు ఉండాలి. 60కి పడిపోయిందంటే నీళ్లకు డబ్బు కట్టినట్టు.

ఇసుక: లీటరు సీసా పైభాగం కోసేసి దాన్నిండా పోసి రెండుసార్లు నేలకు తట్టి తూచండి. 700 నుంచి 900 గ్రాములు ఉండాలి. 1.1 కిలోలు దాటితే తడి ఎక్కువైనా అయ్యుండాలి, మట్టి కలిసినా అయ్యుండాలి. తేల్చుకోవడానికి గాజు సీసాలో గుప్పెడు వేసి నీళ్లు పోసి బాగా కలిపి అరగంట కదపకుండా ఉంచండి. ఇసుక అడుగున విడిగా పొర కడుతుంది. కొద్దిగా ఉండటం మామూలే, పేడ ఎత్తేటప్పుడు నేల మట్టి వస్తుంది. మూడో వంతు ఇసుకే ఉంటే ఆ సంచి వాపసు.

తోటకూర_తాత
ఇన్ని లెక్కలెందుకు? సంచిలో వానపాములు బతికుంటే మంచి సరుకు. నేను అదే చూస్తా.

పేడకుప్ప
తాతగారూ, సరిగ్గా మాగి, జల్లించి, నీడలో ఆరబెట్టిన వర్మీలో పెద్ద పాములు ఉండవు. వాటికి తినడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ముందే తీసి వేరే బెడ్‌లో వేస్తారు. నిండా పాములున్నాయంటే లోపల సగం మగ్గిన పేడ ఇంకా ఉందనే. ఆవగింజ కంటే కొంచెం పెద్దగా, పసుపురంగులో గుడ్లు కనిపిస్తే సరే.

తోటకూర_తాత
అమ్మేవాడు పైన నాలుగు పాములు వేసి కట్టి ఇస్తాడని అంటారా?

పేడకుప్ప
నేనలా అనలేదు. మీరే అన్నారు 😄

చెదలు_లేని_తోట
పాముల కంటే తెల్ల పురుగులు చూసుకోవాలి. బొటనవేలంత లావుగా, సున్నాలా ముడుచుకుని, తల గోధుమరంగులో ఉండేవి పేడకుప్పలో కనిపించే కొమ్ముపురుగు పిల్లలు. అవి కుళ్లే పదార్థం తింటాయి గానీ చిన్న గ్రోబ్యాగులో ఆ తిండి అయిపోయాక వేళ్ల మీద పడతాయి. పశువుల ఎరువు ఏదైనా ముందు జల్లించే వాడండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇసుక జల్లెడ చాలు. వంటింట్లో పిండి జల్లెడ జోలికి పోయి ఇంట్లో గొడవలు పెట్టుకోకండి.

లీడ్స్_గోంగూర
ఇక్కడ ఇంగ్లండ్‌లో "పీట్ ఫ్రీ" అన్న మాటకు అసలైన అర్థం ఉంది, ఎందుకంటే దశాబ్దాలుగా సంచుల్లో అమ్మింది పీటే. బురదనేలలో పీట్ ఏడాదికి సుమారు 1 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. తవ్వితే అందులో ఉన్న కర్బనం గాల్లోకి పోతుంది. ఇంటి తోటలకు పీట్ అమ్మకం 2024కల్లా ఆపేస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది, చట్టం మాత్రం ఆ గడువుకు రాలేదు. షాపుల్లో మటుకు చాలావరకు మారిపోయింది.

పీట్ తీసేసి ఇక్కడ పెట్టేవి నాలుగు: చెక్క నార, మాగిన చెట్టు బెరడు, తోట చెత్త కంపోస్ట్, కొబ్బరి పొట్టు. ఆ చివరిది మన దేశం నుంచో శ్రీలంక నుంచో వచ్చిందే. దేనిపాలు ఎక్కువ అన్నదాన్ని బట్టి సంచి గుణం మారిపోతుంది. చెక్క నార ఎక్కువైతే పైన ఎండినట్టు కనిపిస్తుంది, కింద నీళ్లు నిలిచి ఉంటాయి. పైపొర చూసి నీళ్లు పోసేవాళ్లు మొక్కను ముంచేస్తారు. వేలు రెండు కణుపుల దాకా దించి చూడాలి, లేదా కుండీ ఎత్తి బరువు చూడాలి. సంచిలో కలిపిన పోషకాలు 4 నుంచి 6 వారాల్లో అయిపోతాయి. ఆ తర్వాత మనమే పెట్టాలి. పోయిన ఏడాది సరుకు కొనకూడదు, వానకు తడిసి ఎండకు ఎండి లోపల లవణాలు పెరిగి ఉంటాయి. ఇప్పుడు కొన్ని సంచుల మీద ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత నీరు పట్టింది వగైరా చూసి 'ఎ' నుంచి 'ఇ' దాకా గ్రేడు వేస్తున్నారు. అది పర్యావరణం గ్రేడు. మొక్క బాగా పెరుగుతుందని హామీ కాదు.

వంగతోట_వైజాగ్
ఇక్కడ నర్సరీల్లో "ఇంపోర్టెడ్ పీట్ మాస్" అని చిన్న ప్యాకెట్లు అమ్ముతున్నారు కదా. అది కలిపితే మెరుగా?

కడియం_నారు
కూరగాయలకు అవసరం లేదండి. దాని పీహెచ్ 3.5 నుంచి 4.5, సున్నం కలపకుండా వాడితే మొక్క ఏడుస్తుంది. పైగా పూర్తిగా ఎండిందంటే మళ్లీ నీళ్లు పట్టదు. మన ఎండలకు అది రోజూ జరిగేదే. కోకోపీట్ పీహెచ్ 5.5 నుంచి 6.5. ప్రోట్రేల్లో (చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలు) మిరప, టమాటా నారు పోసేవాళ్లు కూడా కోకోపీటే వాడతారు.

నల్లరేగడి
కోకోపీట్ కూడా వద్దు అంటాను. అందులో తిండి సున్నా. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు చెరి సగం కలిపితే చాలు, మన పెద్దలు ఇవేవీ కొన్నారా?

ఎర్రమట్టి
పెద్దలు మూడో అంతస్తు స్లాబు మీద పండించలేదు కదా. 20 లీటర్ల గ్రోబ్యాగులో వట్టి మట్టి వేసి తడిపితే 30 కిలోలు దాటుతుంది. అదే మట్టి 40, వర్మీ 30, కోకోపీట్ 25, కాల్చిన ఊక 5 పాళ్లలో కలిపితే చాలా తగ్గుతుంది. పేరు ఎర్రమట్టి అని పెట్టుకున్న నేనే చెబుతున్నా. ఇంకో చిక్కు, వట్టి ఎర్రమట్టి నాలుగైదు నెలల్లో కుండీలో ఇటుకలా బిగుసుకుంటుంది.

నల్లరేగడి
తిండి సున్నా అన్నమాట మాత్రం కాదనలేదు మీరు.

పేడకుప్ప
సున్నా కంటే కింద అనుకోండి. పచ్చి కొబ్బరి పొట్టులో కర్బనం, నత్రజని నిష్పత్తి 112:1 దాకా ఉంటుంది. అది కుళ్లడానికి సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న నత్రజనినే లాక్కుంటాయి. మొక్కకు వేసిన ఎరువు ముందు వాటి నోట్లో పడుతుంది. లీడ్స్ వాళ్లు చెప్పిన చెక్క నార గోల కూడా ఇదే. ముత్యపు చిప్ప పుట్టగొడుగు బూజు, కొద్దిగా యూరియా పొరలు పొరలుగా వేసి మాగబెడితే అదే పొట్టు 24:1కి దిగుతుంది. కోయర్ బోర్డు (కేంద్ర ప్రభుత్వ కొబ్బరి పీచు సంస్థ) వాళ్ల పిత్ ప్లస్ అనే బూజు కల్చర్ దీనికోసమే. "కోకోపీట్" వేరు, "కొబ్బరి పొట్టు కంపోస్ట్" వేరు. సంచి మీద ఏది రాశారో చూడండి. మాగింది ముదురు గోధుమ నుంచి నలుపు రంగు, పచ్చిది లేత గోధుమ.

మాగించిన పొట్టు దొరక్కపోతే పల్లీ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) 100 గ్రాములు లీటరు నీళ్లలో 3, 4 రోజులు నానబెట్టి, రోజూ కలుపుతూ, వడకట్టి 10 లీటర్లు చేయండి. బ్యాగుకు అర లీటరు, 10 రోజులకోసారి. ఆముదపు పిండి కూడా వాడొచ్చు గానీ ఇంట్లో కుక్క ఉంటే వద్దు, వాసనకు తవ్వి తింటుంది, అది వాటికి విషం.

కాకర_పందిరి
ఆ పల్లీ చెక్క నీళ్ల వాసనకు కింది ఇంటివాళ్లు ఓనర్‌కి ఫోన్ చేస్తారు. సాయంత్రం పోయండి, పోశాక పైన పొడి మట్టి చల్లండి.

బోరునీళ్లు
సిటీ కంపోస్ట్ చవకగా వస్తది. దాని సంగతేంది?

పేడకుప్ప
నియమాల ప్రకారం కర్బనం 12 శాతం, నత్రజని 0.8 శాతం ఉంటే చాలు, ఈసీ 4 మించకూడదు, సీసం కిలోకు 100 మి.గ్రా., కాడ్మియం 5 మి.గ్రా. దాటకూడదు. బ్యాచ్ టెస్ట్ రిపోర్ట్ చూపిస్తే పూలమొక్కలకు, చెట్లకు వాడండి. ఆకుకూరలకు నేను చెప్పను, గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరలేక చస్తాం.

ఎర్రమట్టి
ఇక్కడ విభేదిస్తాను. తడి చెత్త ఇంటి దగ్గరే వేరుచేసి తెచ్చి చేసిన కంపోస్ట్ శుభ్రంగానే ఉంటుంది. కలిసిన చెత్త కుప్ప నుంచి జల్లించి తీసిందే ప్రమాదం. రెండింటినీ ఒకే గాటన కట్టేయకండి.

కరివేపాకు_గుంటూరు
ఎక్కడ కొన్నా ఒక్క సంచి తెచ్చి గింజ పరీక్ష చేయకుండా పది కొనకండి. రెండు పేపర్ కప్పులు. ఒకదాంట్లో కొన్న కంపోస్ట్ 1 పాలు, ఇసుక 1 పాలు. రెండోదాంట్లో వట్టి ఇసుక. రెంటిలో 20 చొప్పున ఆవాలు. నాలుగైదు రోజులకు ఇసుక కప్పులో 18 మొలిచి కంపోస్ట్ కప్పులో 10 మొలిచాయంటే అది మాగలేదు, లేదా ఉప్పు. వేరు చూడండి: తెల్లగా, సన్నని నూగుతో ఉండాలి. కొస గోధుమరంగై పొట్టిగా ఆగిపోతే ఆ కంపోస్ట్ ఇంకో నెల నీడలో తడిపి కుప్ప వేయాలి. ఆవాలు వంటింటి డబ్బాలోవైనా మొలుస్తాయి, మరీ పాతవి కాకపోతే.

ఇంకోటి, జిప్ కవర్లో తడిపిన కంపోస్ట్ గుప్పెడు వేసి గాలి తీసి మూడు రోజులు మూసి ఉంచండి. తెరిస్తే తడిమట్టి వాసన రావాలి. ముక్కు ఘాటెక్కినా పుల్లటి వాసన వచ్చినా పచ్చి ఎరువే.

లీడ్స్_గోంగూర
దీనికి తోడు ఇక్కడ చిక్కుడు గింజ పరీక్ష కూడా చేస్తారు. గడ్డి మైదానాల్లో కొట్టే అమైనోపైరలిడ్ అనే కలుపుమందు గడ్డిలోంచి పశువు కడుపు దాటి పేడలో కూడా మిగిలిపోతుంది. చిక్కుడు, టమాటా ఆకులు గిన్నెలా ముడుచుకుని చివర మెలికలు తిరుగుతాయి. ఆవాలకు అది అంతగా పట్టదు, చిక్కుడు జాతి గింజే వేయాలి. మూడు వారాలు చూడాలి.

కరివేపాకు_గుంటూరు
మంచి మాట. ఇక్కడైతే బొబ్బర్లు వేసి చూడొచ్చు.

మియాపూర్_మిద్దె
కొలిచాను. ఆర్వో నీళ్లు 40, మిక్స్ వడకట్టిన నీళ్లు 860. మంజీరా (కుళాయి) నీళ్లు 210. తెల్ల పొర మీద నిమ్మరసం వేస్తే పొంగలేదు.

కడియం_నారు
ఇంకేం, తేలిపోయింది. 820 అంటే ఈసీ 1.6 పైమాటే. మొక్క ఉన్న బ్యాగుల్ని ముందు టబ్బులో నీళ్లు పోసి అరగంట దించండి, మధ్యలో పొడి పోవాలి. లేకపోతే పైనుంచి ఎంత పోసినా పక్కలనుంచే పోతుంది. తర్వాత బ్యాగు పరిమాణానికి రెట్టింపు, అంటే 20 లీటర్ల బ్యాగుకు 40 లీటర్ల మంజీరా నీళ్లు, నాలుగు విడతలుగా, విడతకు పావుగంట ఎడంతో నెమ్మదిగా పోయండి. చివరి విడతలో కిందికి కారే నీళ్లు కొలిస్తే 400 లోపు రావాలి. ఉప్పుతోపాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది. వారం ఆగి పల్లీ చెక్క నీళ్లు ఇవ్వండి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్తవి చూడండి.

విప్పని బ్లాకులైతే: 5 కిలోల బ్లాకుకు 20 నుంచి 25 లీటర్ల నీళ్లు, విప్పితే 60 లీటర్లకు పైగా వస్తుంది. గోనెసంచిలో వేసి రాత్రంతా వడకట్టి, మళ్లీ ముంచి, కారే నీళ్ల టీడీఎస్ మీరు పోసిన నీళ్లకంటే 200 మించనంత వరకు కడగండి. చివర్లో క్యాల్షియం నైట్రేట్ లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి ఒకసారి కడిగేయండి. పొట్టును అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం ఉత్త నీళ్లకు పూర్తిగా వదలవు, క్యాల్షియం వాటిని తోసి ఆ చోట్లో కూర్చుంటుంది. అది చేయకపోతే మీరు మొక్కకిచ్చే క్యాల్షియాన్ని పొట్టే లాక్కుని టమాటా కాయ అడుగు నల్లబడుతుంది.

నల్లరేగడి
క్యాల్షియం నైట్రేట్ ఆర్గానిక్ కాదు కదా!

కడియం_నారు
జిప్సం వాడండి అయితే. అదీ లీటరుకు 2 గ్రాములే, అంతకంటే నీళ్లలో పెద్దగా కరగదు. ఒక రోజు బదులు రెండు రోజులు నానబెట్టండి, మధ్యలో కలుపుతూ.

ఎర్రమట్టి
మిగిలిన 10 బ్యాగులకు రెడీ మిక్స్ కొనకండి, విడివిడిగా కొని కలుపుకోండి. విడిగా ఉన్నప్పుడే ఏది బాగాలేదో తెలుస్తుంది, కలిపాక దొంగ దొరకడు. 12x12 బ్యాగు అంచు దాకా 22 లీటర్లు, రెండు అంగుళాలు వదిలితే 18. పది బ్యాగులకు, కుంగేది కలిపి 200 లీటర్లు అనుకోండి: ఎర్రమట్టి 80, వర్మీ 60 (అంటే సుమారు 48 కిలోలు), కోకోపీట్ 50 (5 కిలోల బ్లాకు ఒకటి), కాల్చిన ఊక 10. ఊక నల్లగా మాడింది తీసుకోండి, తెల్ల బూడిద అయిపోయింది క్షారం. వేపపిండి బ్యాగుకు 50 గ్రాములు. కలిపి, తడిపి, గోనె కప్పి పది రోజులు ఆగి నాటండి. వానాకాలం నాటేవాటికి కోకోపీట్ 50 బదులు 30 చాలు, లేకపోతే ఆగస్టులో వేళ్లు కుళ్లుతాయి.

పేడకుప్ప
ఆ పది రోజుల్లోనే ట్రైకోడెర్మా (వేరుకుళ్లు తెచ్చే బూజుల్ని అణిచే మేలు బూజు) కూడా పెంచుకోవచ్చు. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండికి 2 కిలోలు అన్నది పొలం లెక్క. మీకు 48 కిలోల వర్మీకి 1 కిలో సరిపోతుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి, నీడలోనే కలపండి.

వంగతోట_వైజాగ్
కోకోపీట్ కడిగిన నీళ్లు కుండీలకే పోసేయొచ్చా? వృథా ఎందుకని.

కడియం_నారు
కుండీలకు వద్దండి, ఆ ఉప్పు వదిలించడానికే కదా కడిగింది. నేలలో ఉన్న కొబ్బరి చెట్టుంటే దాని మొదట్లో పోయండి. పొటాషియం, క్లోరైడ్ రెండూ దానికి ఇష్టమే.

కాకర_పందిరి
అపార్ట్‌మెంట్‌లో కొబ్బరి చెట్టు ఎక్కడిది?

కడియం_నారు
డ్రైనేజీ ఉంటుంది కదండీ.